మీటరు ఊడిన చోటు

సెప్టెంబరు 14, ఆదివారం

ఇంటి లెక్కల పుస్తకం వేరే ఉంది. ఇది లెక్కకి రానివాటికి.

పడవ కొని రెండు నెలలైంది. ఇవాళ మొదటిసారి రేవులోకి దిగి లోపలంతా కడిగాను. బెంచీలు, బెంచీల కింద, లైఫ్ జాకెట్ల పెట్టె, ఆఖరికి ఆయన నిలబడి స్టీరింగ్ పట్టుకునే చోటు. అక్కడ కనపడింది. డ్యాష్‌బోర్డులో గుండ్రటి చిల్లు. అంచు నున్నగా ఉంది. పగిలింది కాదు, కోసింది. అక్కడ ఏదో ఉండేది, పడవ అమ్మినాయన ఊడబీక్కున్నాడు. లోపల రెండు వైర్లు వేలాడుతున్నాయి, చివర్లకి నల్ల టేపు.

ఆయన్ని అడిగాను. పోయిందేదో పోయింది, ఇంజను ఆడుతుందిగా అన్నారు.

మూత లేని డబ్బా కనపడితే నా చెయ్యి ఊరుకోదు. వంటింట్లోంచి మూతలన్నీ గిన్నెలో వేసుకుని తీసుకెళ్లి ఒక్కోటీ పెట్టి చూశాను. ఇంగువ డబ్బా మూత అతికినట్టు సరిపోయింది. జక్కయ్య గట్టు మీద కూర్చుని నవ్వాడు. పడవకి పోపు పెడుతున్నావా ఏంది వదినా అని. జక్కయ్య మొన్నటిదాకా ఇదే రేవులో తెడ్డు పడవ నడిపేవాడు. ఇప్పుడు మా దగ్గర తాళ్లు కట్టడం, ఎక్కేవాళ్లకి చెయ్యి అందించడం అతని పని.

సెప్టెంబరు 17

ఆ చిల్లు మీద అందరి కన్నూ పడింది. యశస్విని నరసరావుపేట హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ బ్లూటూత్ స్పీకర్ పెట్టిద్దాం అమ్మా, కార్తీకంలో పాటలు వేస్తే జనం మన పడవే ఎక్కుతారు అంది. జక్కయ్య బీడీకట్ట దాచుకుంటానన్నాడు. ఆయనకి టీ గ్లాసు పెట్టుకోను చోటు కావాలట. అత్తయ్యది ఒకటే మాట. కళ్లెదురుగా దేవుడుండాలి. లారీకి ఉంటాడు, ఆటోకి ఉంటాడు, నీళ్ల మీద పోయేదానికి అక్కర్లేదా అని.

అక్కడ ఇంతకు ముందు ఏముండేదో ఒక్కళ్లూ అడగట్లేదు.

సెప్టెంబరు 19

మూత ఏట్లో పడిపోయింది. అప్పుడే ఆ చిల్లులో కుమ్మరి పురుగు మట్టిగూడు మొదలుపెట్టింది. దానికున్న తొందర మా ఆయనకి లేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

కుక్కర్ పెట్టి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మూడు కూతలకి కట్టెయ్యమని ఆయనకి చెప్పాను. స్టవ్ పక్క గదిలోనే, తలుపు తీసే ఉంది, కూర్చుని పేపరు చదువుతున్నారు. మూడయ్యాయి. నాలుగు. అయిదు. నేను తడి చేతులతో పరుగెత్తేసరికి పప్పు మాడు వాసన. ఆయన తలెత్తి, ఏందే ఏమైంది అన్నారు.

ధ్యాసలో లేరనుకోవచ్చు. కానీ నా బుద్ధి అలాంటిది కాదు. ఒకటి జరిగితే దాని వెనకున్నవన్నీ తీసి వరసగా పెట్టుకుని చూస్తాను. ఫోన్ మోగితే తీయరు, జేబులో వణికితే తీస్తారు. నేను వంటింట్లోంచి చెప్పేది అందదు, ఎదురుగా నిలబడి చెబితే అందుతుంది. అత్తయ్య బొంగురు గొంతు అందుతుంది. యశస్విని సన్న గొంతు అందదు. దానికి ఆ పిల్ల నోట్లో నోట్లో గొణుగుతుందని కోప్పడతారు.

పాతికేళ్లు కారం మిల్లు నడిపిన మనిషి. ఆ మోతలో నేను కాసేపు కూడా నిలబడలేకపోయేదాన్ని.

అడగాలి. ఎలా అడగాలో తెలియట్లేదు.

సెప్టెంబరు 24, బుధవారం

మాచర్ల వెళ్లాను, చీరకి ఫాల్ కుట్టించాలని చెప్పి. చిల్లు మీద కాయితం పెట్టి పెన్సిలుతో గీసి, కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. ఐజాజ్ షెడ్డుకి వెళ్లాను. ట్రాక్టర్లు, జనరేటర్లు, పడవ ఇంజన్లు అన్నీ చేస్తాడు. కాయితం బల్ల మీద పెట్టి ఇది ఏంది చెప్పు అన్నాను. రెండు వైర్లు ఏ రంగో కూడా చెప్పాను. చూసీ చూడగానే టెంపరేచర్ మీటర్ అక్కా అన్నాడు.

నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. మన ఇంజను ఏట్లో నీళ్లు కింద గొట్టంతో పీల్చుకుని చల్లబడుతుంది. గొట్టం మూతికి నాచో గుడ్డో అడ్డం పడితే నీళ్లు రావు. ఇంజను కాగిపోయి బిగుసుకుపోతుంది. మీటరు ఉంటే సూది మెల్లగా లేవడం ముందే కనపడుతుంది. లేకపోతే ఎట్లా అన్నాను. బజర్ ఉందిగా అక్కా, బాగా కాగినాక కీచుమని కూస్తది, చెవులు పగిలిపోతయ్ అన్నాడు.

బస్సులో వస్తున్నంతసేపూ అదే మాట. చెవులు పగిలిపోతాయట.

చీర షెడ్డులోనే మర్చిపోయాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

ఐజాజ్ చీర ఇవ్వడానికి వచ్చి, పనిలో పని పడవ చూస్తానన్నాడు. నేనే బజర్ పనిచేస్తుందో లేదో చూడమన్నాను. డ్యాష్‌బోర్డు కింద దూరి వైరు ఏదో తాకించాడు. అమ్మో అది కూత కాదు, చెవిలో సూది గుచ్చినట్టు. గట్టు మీది కాకులు లేచిపోయాయి. జక్కయ్య నోట్లో బీడీ జారి నీళ్లలో పడింది.

ఆయన అటు తిరిగి తాడు చుడుతున్నారు. చుడుతూనే ఉన్నారు.

నేను జక్కయ్యని చూశాను. జక్కయ్య నన్ను చూశాడు. ఇద్దరం ఏటి వైపు తిరిగాం.

అంటే జక్కయ్యకి తెలుసు. నాకంటే ముందే తెలుసు.

సాయంత్రం జక్కయ్యని అడిగాను. బీడీ ముట్టించుకున్నాడు. తర్వాత చెప్పాడు. పడవ నడిచేటప్పుడు ఆయన భుజం మీద తడతాడట. ఒకసారి తడితే మెల్లగా అని, రెండుసార్లు తడితే ఆపెయ్యమని. ఇట్లా చెయ్యమని ఆయనేమీ చెప్పలేదు, నేనేమీ అడగలేదు వదినా, నడిచిపోతంది అన్నాడు. మరి నువ్వు ముందు తాళ్ల దగ్గర ఉన్నప్పుడో అన్నాను. తాళ్లు సర్దడానికి లేచాడు.

సెప్టెంబరు 27

మీటరు తెప్పించమని ఐజాజ్‌కి చెప్పాను. విజయవాడలో దొరక్కపోతే కాకినాడ నుంచి రావాలట.

రాత్రి అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన చెయ్యి అడ్డం ఊపారు. మిల్లులో ఏ మీటరు చూసి నడిపాను, మోటారు మీద అరచెయ్యి పెడితే అదే చెప్పేది, ఇంజనైనా అంతే అన్నారు. బజర్ కూడా ఉందని ఐజాజ్ చెప్పాడుగా, ఇంకెందుకు అన్నారు.

ఆ మాట అన్నాక నా మొహం చూడలేదు. మజ్జిగ పోసుకున్నారు.

నాకు భయం రెండు వైపులా ఉంది. లైసెన్సుకి కంటికీ చెవికీ డాక్టరు కాయితం ఉండాలి. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే ఆయనకి వినపడదని ఎవరూ అనుకోరు, అట్లా వచ్చింది కాయితం. నేను నోరు విప్పితే పడవ రేవులో ఆగుతుంది. విప్పకపోతే నడి ఏట్లో ఆగుతుంది, ముప్పై మందితో.

అక్టోబరు 2, దసరా

అయిపోయింది.

నేను ఇంట్లో పులిహోర కలుపుతుంటే రేవులో పూజకి అంతా సిద్ధం చేశారు. వెళ్లేసరికి చిల్లు లేదు. దాని మీద నరసింహస్వామి పటం, నాలుగు మూలలా స్క్రూలు. అత్తయ్య పోయిన వారమే ఫ్రేము కట్టించి దాచి ఉంచారట. స్టీరింగుకి పసుపు, ఇంజనుకి బొట్టు, పటానికి బంతిపూల దండ. గుమ్మడికాయ కొట్టారు. ఆయన దణ్ణం పెట్టుకుంటుంటే మొహం చానా ప్రశాంతంగా ఉంది. ఆ మొహం చూసి నేను కూడా దణ్ణం పెట్టాను. ఏమని మొక్కుకున్నానో ఇక్కడ రాయను.

కుమ్మరి పురుగు గూడు లోపలే ఉండిపోయింది.

అక్టోబరు 10

మీటరు వచ్చింది. నల్లటి మొహం, తెల్లటి సూది, చివర ఎర్ర గీత. చేతిలో పెట్టుకుంటే చిన్న గడియారంలా ఉంది.

పటం కాస్త పక్కకి జరుపుదామా అన్నాను. అత్తయ్య చెవిన పడటమే ఆలస్యం. దసరా నాడు పూజ చేసిన దేవుణ్ణి స్క్రూడ్రైవరుతో పీకుతారటే దేవికా, మీ పుట్టింట్లో అట్లా చేస్తారా అన్నారు. మా పుట్టింట్లో పడవ లేదండీ అన్నాను. పక్కన ఇంకో చోట బిగించొచ్చని ఐజాజ్ అన్నాడు గానీ ఆయన ఒప్పుకోలేదు. నా పడవకి ఇంకో చిల్లు పెడితే ఊరుకోను అన్నారు. ఆ మాట గట్టిగా అన్నారు. ఈమధ్య అన్నీ గట్టిగానే అంటున్నారు.

మీటరు బియ్యం డబ్బాలో పెట్టాను. తేమ తగలకుండా.

అక్టోబరు 23

కార్తీకం మొదలైంది. అవతలి గట్టు నరసింహస్వామి గుడికి పొద్దున్నించీ జనం.

డాబా మీదికి ఎన్నిసార్లు ఎక్కానో. ఇక్కడికి ఇంజను చప్పుడు వినపడుతుంది. బయలుదేరేటప్పుడు దగ్గు, తర్వాత ఒకే రకంగా డుబడుబ, నడి ఏట్లో గాలికి కాస్త పలచన, అవతల ఆగుతుంది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ. ఆయన వినాల్సింది నేను వింటున్నాను. కానీ ఇక్కణ్ణించి నేనేం చెయ్యగలను.

అక్టోబరు 24

చారులో ఉప్పు రెండుసార్లు వేశాను.

అక్టోబరు 27, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి కార్తీక సోమవారం. ఇంట్లో ఉండలేక నేనూ ఎక్కాను. పోయేటప్పుడు బాగానే ఉంది. దర్శనమైంది. తిరుగు ప్రయాణంలో పడవ నిండా ఆడవాళ్లే, తడి చీరలు, తాంబూలాలు. జక్కయ్య ముందు కొనలో నిలబడి నీళ్లు చూస్తున్నాడు. గట్టు పొడవునా ఏట్లో వదిలిన దండలు, అరటి దొప్పలు తేలుతూ వస్తున్నాయి.

సగం దాటాక బజర్ మోగింది.

ఒకావిడ తన ఫోన్ అనుకుని సంచీ వెతుక్కుంది. ఆమెని చూసి పక్కావిడ. అందరూ ఫోన్లు తీశారు. నాది కాదు నాది కాదు అంటున్నారు. ఎవరిదమ్మా ఆ దిక్కుమాలిన రింగ్‌టోను, కట్టేసుకో అని ఒక ముసలావిడ కసిరింది. ఆయన స్టీరింగ్ పట్టుకుని తిన్నగా చూస్తూ నడుపుతున్నారు. పెదాల మీద చిన్న నవ్వు కూడా ఉంది. ఆ నవ్వు నేను మర్చిపోలేను.

నేను లేచాను. నా ముందు అన్నీ మోకాళ్లు. జక్కయ్య బెంచీల మీదుగా తొక్కుకుంటూ వచ్చేశాడు, భుజం మీద రెండుసార్లు తట్టాడు. తట్టలేదు, కొట్టాడు. ఆయన ఉలిక్కిపడి ఇంజను ఆపేశారు. అప్పుడు ఆ కూత ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ ఆగింది.

పైన డ్యాం గేట్లు ఎత్తి ఉన్నాయి, నీళ్లు లాగుతున్నాయి. పడవ అడ్డం తిరిగి కిందికి జారడం మొదలుపెట్టింది. లంగరు వేశారు. మొదటిసారి పట్టలేదు. రెండోసారి పట్టింది. జక్కయ్య నీళ్లలోకి దిగి గొట్టం మూతి తడిమి, చేతి నిండా పీకి పైకి విసిరాడు. నాచు కాదు. బంతిపూల దండ. దారంతో సహా.

ఇంజను చల్లబడ్డాక మళ్లీ ఆడింది. దేవుడి దయ.

అందరూ అదే అన్నారు. నరసింహస్వామి పటం ఉండబట్టే బతికామని. దిగేటప్పుడు ఒక్కొక్కరూ ఆ పటాన్ని ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. రేవులో అత్తయ్య విని, నేను చెప్పలా అన్నట్టు నా వైపు చూశారు. ఇంకొకావిడ పటానికి వెయ్యడానికి మళ్లీ బంతిపూల దండ తెచ్చింది.

ఆయన లంగరు తాడు చుట్టి పెట్టి ఇంటికి వచ్చేశారు.

అక్టోబరు 28

తుఫాను. వాన ఆగట్లేదు. పడవలన్నీ కట్టేశారు. ఇన్నాళ్లకి కంటినిండా నిద్రపోయాను.

అక్టోబరు 30

పొద్దున కుక్కర్ పెట్టాను. ఆయన వచ్చి స్టవ్ ముందు నిలబడ్డారు. దాని వెయిట్‌నే చూస్తున్నారు. అది లేచినప్పుడల్లా వేలు మడిచారు. మూడో వేలికి కట్టేశారు.

నన్ను చూడకుండా బయటికి వెళ్లిపోయారు.

నవంబరు 1, శనివారం

రేవులో, వాన వెలిశాక, పడవలో చేరిన నీళ్లు ఇద్దరం తోడుతున్నాం. ఎప్పట్నించి తెలుసు నీకు అన్నారు. పప్పు మాడిన రోజు నుంచి అన్నాను. చెంబు పక్కన పెట్టి నవ్వారు. పప్పు మాడిస్తే పెళ్లాలు తిడతారు గానీ నువ్వు చెవులు లెక్కేశావా అన్నారు.

తర్వాత నవ్వలేదు. మిల్లు అమ్మేటప్పటికే కుడి చెవి దాదాపు పోయిందట. ఎడమది ఉంది గదా అనుకున్నారట. వినపడలేదని తెలియడానికి కూడా వినపడాలిగా అన్నారు. ఆ రోజు అందరూ ఫోన్లు తీస్తుంటే, నన్ను ఫోటో తీస్తున్నారనుకున్నానే అన్నారు.

ఆ నవ్వు అందుకన్నమాట.

కాసేపు తోడాం. ఆయనే అన్నారు, ఎల్లుండి సోమవారం పడవ తియ్యను, చెవి చూపించుకున్నాకే జనాన్ని ఎక్కించుకుంటాను అని. డాక్టర్లు వద్దంటే అని నేను అనేలోపే, వద్దంటే జక్కయ్యకి లైసెన్సు చేయించి నేను తాళ్లు కడతాను అన్నారు.

మరి మీటరో అన్నాను. అమ్మ ఒప్పుకోదు అన్నారు. అది నాకొదిలెయ్యండి అన్నాను.

నవంబరు 2, ఆదివారం

పొద్దున్నే అత్తయ్య దగ్గర కూర్చున్నాను. చెవి సంగతి కొడుకు చెప్పుకుంటాడు, నేను చెప్పలేదు. దేవుడి సంగతే మాట్లాడాను. వినాయక చవితికి పిలుస్తాం, పూజ చేస్తాం, ఉద్వాసన చెప్పి పంపుతాం. పీకేశామని ఎవరైనా అంటారా అన్నాను. పిలిచి కూర్చోబెట్టినాయన్ని చెప్పకుండా లేపితే తప్పు గానీ, చెప్పి ఇంకో మంచి చోట కూర్చోబెడితే తప్పేంటి అన్నాను. ఇప్పుడున్న చోట స్వామి కాళ్ల దగ్గర టీ గ్లాసులు, వెనక కుమ్మరి పురుగు అన్నాను.

పురుగు మాటకి అత్తయ్య మొహం మారింది. కాసేపు వత్తులు చేసుకున్నారు. తర్వాత, నైవేద్యం ఏం చేస్తావు అన్నారు.

పానకం చేశాను. మిరియాలు ఎక్కువే వేశాను.

రేవులో ఒక చిక్కొచ్చింది. ఉద్వాసనకి పటాన్ని ఈశాన్యం వైపు కదపాలి. పడవ తాడు మీద ఊగుతోంది, ఈశాన్యం ఒకచోట నిలబడట్లేదు. అత్తయ్య అటు అంటారు, అనేలోపు అది ఇటు వస్తుంది. ఒరేయ్ జక్కా, ఆ ఈశాన్యాన్ని కాస్త పట్టుకోరా అని అరిచారు. జక్కయ్య గెడ వేసి పడవని అదిమిపట్టాడు. త్వరగా కానీ పిన్నీ, ఈశాన్యం చానా బరువుంది అన్నాడు. ఆయనకి అది వినపడింది. పగలబడి నవ్వారు.

కదిపాం. దణ్ణం పెట్టాం. ఐజాజ్ చెప్పులు గట్టు మీద విప్పి వచ్చి స్క్రూలు తీశాడు. స్వామిని ముందు అద్దం పైన, అందరికీ కనపడే చోట బిగించాం. అత్తయ్య మొదటి గ్లాసు పానకం ఐజాజ్‌కే ఇచ్చారు. ఘాటుకి దగ్గాడు.

గూడు ఖాళీగా ఉంది. పురుగులు ఎప్పుడో ఎగిరిపోయాయి. మట్టి గోకేసి, అంచు తుడిచి, బియ్యం డబ్బాలోంచి తెచ్చిన మీటరు నేనే పెట్టాను. నా కాయితం కొలత తప్పలేదు. ఇంజను తిప్పితే సూది మెల్లగా లేచి సగంలో నిలబడింది.

నవంబరు 3, సోమవారం

పక్క పడవ నిండిపోయి వెళ్తోంది, వస్తోంది. మాది కట్టే ఉంది. అరుగు మీద కూర్చుని ఆయన చూశారు. నేనూ చూశాను. లెక్కల పుస్తకంలో ఇవాళ్టి రాబడి దగ్గర సున్నా రాసి, దాని కింద గీత గట్టిగా గీశాను.

నవంబరు 4, మంగళవారం

నరసరావుపేట. చెవి డాక్టరు దగ్గర గాజు గదిలో కూర్చోబెట్టి, వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. బయటి నుంచి చూస్తున్నాను. చానాసేపు చెయ్యి లేవలేదు. నా చెయ్యి లేవబోయింది.

ఎడమ చెవికి మిషను పెట్టి మళ్లీ చూశారు. అది పెట్టుకుని నడపొచ్చని, పక్కన ఇంకో మనిషి ఉండాలని, ఆర్నెల్లకోసారి చూపించుకోవాలని డాక్టరు కాయితం రాశాడు. ఏటి గాలికి మిషను హోరుమంటుందట, అందుకని దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దన్నాడు. మీటరు పెట్టించాం అన్నాను. డాక్టరుకి అర్థం కాలేదు. ఆయనకి అయింది.

యశస్విని హాస్టల్ నుంచి వచ్చింది. నాన్నా వినపడుతుందా అంది మామూలు గొంతుతో. ఆయన చెవి మిషను తడుముకున్నారు. తర్వాత, నువ్వు గొణగవా అయితే అన్నారు.

బస్సు ఎక్కాక విసుక్కున్నారు. నీ గాజులు ఇంత మోత చేస్తాయా, ఇన్నాళ్లూ ఎట్లా భరించారే ఇంట్లో అని.

నవంబరు 5, పౌర్ణమి

పడవ తీశారు. నేనూ ఎక్కాను. జక్కయ్య ఆయన పక్కనే నిలబడ్డాడు. పూలు, దండలు వేసుకోను బుట్ట పెట్టాం, ఏట్లో వెయ్యొద్దని అత్తయ్యే అందరికీ చెప్పారు.

బయలుదేరే ముందు ఆయన కుంకుమ తీసుకుని మీటరు అద్దానికి బొట్టు పెట్టారు. సూది దాటకూడని చోట.

వెళ్లేటప్పుడు సూది దాని కిందే ఉంది. వచ్చేటప్పుడు చూడటం మర్చిపోయాను.